ఎముకకూ పరుపుకూ మధ్య నలిగే చర్మం

మంచం పట్టిన రోగికి నడుము కింద పుండు పడిందని తెలియగానే, ఇంటివాళ్లైనా, కొత్తగా డ్యూటీలో చేరిన నర్సులైనా మొదట అడిగేది "దీని మీద ఏం రాయాలి?" అనే. ఏ ఆయింట్‌మెంటు మంచిది, ఏ పౌడరు చల్లాలి, ఏ డ్రెస్సింగు వేస్తే త్వరగా మానుతుంది అన్న ప్రశ్నలు ఆ తర్వాత వరసగా వస్తాయి. చాలాకాలంగా వార్డుల్లో పనిచేస్తున్న నర్సుగా నేను వాళ్లకు చెప్పేది, ముందు ఆ చోటి మీద పడుతున్న బరువు తీసేయాలని. బరువు అలాగే ఉండగా ఎంత ఖరీదైన డ్రెస్సింగు వేసినా ఆ పుండు మానదు. ఆ బరువును వేళకు తప్పిస్తూ ఉంటే ఈ పుండ్లలో చాలావరకు అసలు పడనే పడవు. ఆస్పత్రిలో ఈ బాధ్యత అందరికంటే ఎక్కువగా నర్సుల మీదే ఉంటుంది, ఎందుకంటే రోగి ఒంటిని రోజంతా చూసేదీ, తాకేదీ, కదిలించేదీ వాళ్లే.

ఆరోగ్యంగా ఉన్న మనిషి గాఢనిద్రలో కూడా ఒకే వైపు బరువు వేసి గంటల తరబడి పడుకోడు. ఒత్తిడి పడిన చోట రక్తం సరిగా అందక తిమ్మిరో నొప్పో మొదలవగానే, మెలకువ రాకుండానే పక్కకు ఒత్తిగిలుతాడు. పక్షవాతం వచ్చినవారికి, వెన్నుపాము దెబ్బతిన్నవారికి, మత్తుమందుల ప్రభావంలో వెంటిలేటరు మీద ఉన్నవారికి, తుంటి విరిగి కదలలేనివారికి, మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఆ రక్షణ ఉండదు. కొందరికి నొప్పి తెలియదు, కొందరికి తెలిసినా కదిలే శక్తి ఉండదు, ఇంకొందరికి చెప్పుకునే స్థితి ఉండదు. అప్పుడు ఒంటి బరువంతా ఎముకలు పొడుచుకొచ్చిన చోట్ల పడి, ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం, కొవ్వు, కండరం నలుగుతాయి. వాటిలోని సన్నని రక్తకేశనాళికలు మూసుకుపోయి, ప్రాణవాయువు అందని కణాలు చనిపోవడం మొదలవుతుంది.

ఎంత ఒత్తిడి పడితే చర్మం దెబ్బతింటుంది అన్నదానికి నర్సింగ్ పాఠాల్లో చాలాకాలం ఒక అంకె చెప్పేవారు. 1930లో లాండిస్ అనే పరిశోధకుడు గోటి మొదట్లో ఉండే రక్తకేశనాళికల్లో ఒత్తిడిని కొలిచినప్పుడు, రక్తం లోపలికి వచ్చే వైపున అది సగటున 32 పాదరస మిల్లీమీటర్లు ఉంది. ఆ అంకె దాటితేనే ప్రమాదం అనుకోవడం మంచం మీది రోగి విషయంలో సరికాదు. రక్తపోటు పడిపోయిన రోగికి, జ్వరంతో ఉన్న రోగికి, ఒంట్లో కండ కరిగిపోయిన వృద్ధులకు అంతకంటే తక్కువ ఒత్తిడి కూడా చాలు. తక్కువ ఒత్తిడి ఎక్కువసేపు పడినా, ఎక్కువ ఒత్తిడి కొద్దిసేపు పడినా నష్టం జరుగుతుంది.

ఇంకో సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. రక్తం అందకపోతే చర్మం కన్నా కండరం త్వరగా దెబ్బతింటుంది. అందుకే చాలా సందర్భాల్లో నష్టం లోపల, ఎముకను ఆనుకుని మొదలై, పైకి ఆలస్యంగా తేలుతుంది. గట్టి ఆపరేషన్ బల్ల మీద గంటల తరబడి కదలకుండా ఉన్న రోగికి, శస్త్రచికిత్స జరిగిన రెండు మూడు రోజులకు పిరుదు మీద ఊదారంగు మచ్చ కనిపిస్తే, అది ఆ ఉదయం పడక మీద వచ్చినది కాకపోవచ్చు. చర్మం చిట్లకపోయినా అలాంటి మచ్చను చిన్న కమిలిన దెబ్బగా తీసిపారేయకూడదు. లోపల కండరం అప్పటికే చనిపోయి ఉంటే, ఎంత జాగ్రత్త తీసుకున్నా కొద్ది రోజుల్లో అది లోతైన పుండుగా విచ్చుకోవచ్చు. ఈ సంగతి రోగి బంధువులకు ముందే చెప్పడం, కేస్ షీటులో ఆ రోజే రాయడం రెండూ అవసరం.

నేరుగా కిందికి పడే ఒత్తిడితో పాటు, పక్కకు లాగే బలం కూడా అంత హానీ చేస్తుంది. తలవైపు మంచం పైకి ఎత్తినప్పుడు రోగి మెల్లగా కిందికి జారుతుంటాడు. అప్పుడు నడుము కింది చర్మం దుప్పటికి అంటుకుని అక్కడే ఉంటుంది, లోపల త్రికాస్థి, అంటే వెన్నెముక చివర పిరుదుల పైన ఉండే ఎముక, మాత్రం కాళ్లవైపు జరుగుతుంది. మధ్యలో ఉన్న రక్తనాళాలు సాగి, మెలిపడి మూసుకుపోతాయి. అందుకే వేరే వైద్య కారణం లేనప్పుడు తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తకపోవడం మంచిది. వెంటిలేటరు మీద ఉన్నవారికి, ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నవారికి ఊపిరితిత్తుల్లోకి ద్రవం పోకుండా తల ఎత్తి ఉంచక తప్పదు. ఇక్కడ రెండు జాగ్రత్తలూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. అలాంటప్పుడు ముందు మోకాళ్ల వైపు మంచాన్ని కొంచెం ఎత్తి, ఆ తర్వాత తలవైపు ఎత్తితే జారడం తగ్గుతుంది. తల ఎత్తిన తర్వాత రోగిని ఒకసారి కొద్దిగా ముందుకు వంచి, వీపును పరుపు నుంచి విడదీసి మళ్లీ ఆనిస్తే, సాగిన చర్మం తిరిగి సర్దుకుంటుంది. అర నిమిషం పట్టే ఈ చిన్న పనిని చాలా వార్డుల్లో ఎవరూ చేయరు.

ఎవరికి ప్రమాదం ఎక్కువో అంచనా వేయడానికి పట్టికలు ఉన్నాయి. ఇంగ్లండులో డోరీన్ నార్టన్ 1962లో వృద్ధుల కోసం తయారుచేసిన పట్టిక ఈ దారిలో తొలి అడుగు. ఇప్పుడు ఎక్కువగా వాడేది బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ రూపొందించి 1987లో ప్రచురించిన బ్రేడెన్ స్కేలు. స్పర్శ తెలియడం, చర్మపు తడి, లేచి తిరగగలగడం, మంచంలో కదలగలగడం, ఆహారం, ఒరిపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేస్తే మొత్తం 6 నుంచి 23 మధ్య వస్తుంది. మార్కులు తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 18 లేదా అంతకంటే తక్కువ వస్తే జాగ్రత్త పడాలి, 9 లేదా అంతకంటే తక్కువ అంటే ప్రమాదం తీవ్రంగా ఉన్నట్టు. రోగి వార్డులోకి రాగానే వీలైనంత త్వరగా ఈ అంచనా వేయాలి, పరిస్థితి మారినప్పుడల్లా మళ్లీ వేయాలి. నా ఉద్దేశంలో మొత్తం మార్కుల కంటే, ఏ అంశంలో మార్కు తగ్గిందన్నదే నర్సుకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇద్దరికి 14 వచ్చినా, ఒకరి ఇబ్బంది తడి కావచ్చు, ఇంకొకరిది ఆహారం కావచ్చు. వాళ్లకు చేయవలసిన పనులు ఒకటి కావు. పట్టికలో లేని విషయాలు కూడా ఉంటాయి. రక్తపోటు నిలబెట్టే మందులు ఎక్కువ మోతాదులో నడుస్తున్న రోగికి, ఇదివరకు అదే చోట పుండు పడి మానిన రోగికి మార్కులు బాగున్నా నేను నిశ్చింతగా ఉండను.

ఇక చర్మాన్ని చూడటం. తల వెనుక భాగం, చెవులు, భుజపు ఎముకలు, మోచేతులు, త్రికాస్థి, కూర్చున్నప్పుడు ఆనే పిరుదుల ఎముకలు, తుంటి పక్కలు, మోకాళ్ల లోపలి వైపులు, చీలమండలు, మడమలు, వీటిని కనీసం షిఫ్టుకు ఒకసారి వెలుతురులో చూడాలి. దుప్పటి ఎత్తి తొంగిచూస్తే సరిపోదు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే, ఆరోగ్యమైన చర్మం క్షణకాలం తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. నొక్కినా రంగు మారకుండా ఎరుపు అలాగే ఉంటే అది మొదటి దశ. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఛామనఛాయ, నల్లని చర్మం మీద ఈ ఎరుపు సరిగా కనిపించదు, నొక్కితే తెల్లబడటమూ తెలియదు. పుస్తకాల్లోని బొమ్మలు చాలావరకు తెల్లని చర్మానివే కావడంతో, ముదురు రంగు చర్మం ఉన్న రోగుల్లో మొదటి దశ దాటిపోయి, చర్మం ఊడిన తర్వాతే పుండు బయటపడటం జరుగుతుంటుంది. అందుకని చేతితో తాకి చూడటం నేర్చుకోవాలి. ఆ చోట పక్క చర్మం కంటే వేడిగా ఉందా, చల్లగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తగా అణిగిపోతోందా, చుట్టూ ఉన్నదానికంటే రంగు ముదిరిందా, చర్మం సాగినట్టు మెరుస్తోందా, తాకితే రోగి ముఖం చిట్లిస్తున్నాడా అని గమనించాలి. ఎడమ మడమను కుడి మడమతో పోల్చి చూస్తే ఈ తేడాలు సులువుగా దొరుకుతాయి.

ఎముకలు లేని చోట్ల కూడా పుండ్లు పడతాయి. అవి మనం అమర్చిన పరికరాల వల్ల వచ్చేవి. ఆక్సిజన్ గొట్టం చెవుల వెనుక, గాలిని ఒత్తిడితో పంపి శ్వాసకు సాయపడే బైపాప్ మాస్కు ముక్కు దూలం మీద, శ్వాసనాళపు గొట్టం పెదవి అంచున, ముక్కు గొట్టం ముక్కుపుటం లోపల, మెడ పట్టీ గడ్డం కింద, తల వెనుక, యూరిన్ గొట్టం తొడ కింద ఒరుసుకుంటాయి. ఆక్సిజన్ గొట్టాన్ని పక్కకు తీసి, చెవి డొప్పను మెల్లగా ముందుకు వంచి చూస్తే, గొట్టం అచ్చు పడిన సన్నని గాడి, దాని అడుగున తెల్లగా నానిన చర్మం కనిపించడం మామూలే. అది మరుసటి రోజుకు చిట్లుతుంది. గొట్టానికి మెత్తని ఫోమ్ ముక్క చుట్టి, బిగుతు ఒక మెట్టు వదులు చేస్తే అక్కడితో ఆగిపోతుంది. పరికరం ఉన్న ప్రతిచోటా రోజుకు కనీసం రెండుసార్లు దాని కింద చూడాలి, ఒళ్లు వాచిన రోగి అయితే ఇంకా తరచుగా చూడాలి. ఊపిరితిత్తుల జబ్బుతో బోర్లా పడుకోబెట్టిన రోగికి నుదురు, చెంపలు, గడ్డం, ఛాతీ, మోకాళ్లు ప్రమాద స్థలాలవుతాయి.

ఒత్తిగిల్లించడం గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో 1944 నుంచి వెన్నుపాము దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేసిన లుడ్విగ్ గుట్‌మన్, రోగులను రాత్రీ పగలూ రెండేసి గంటలకు పక్క మార్చాలని పట్టుబట్టారు. అప్పటివరకు అలాంటి రోగులు పుండ్లతోనో, మూత్రపు ఇన్ఫెక్షన్‌తోనో చనిపోవడం సహజమని వైద్యులే అనుకునేవారు. ఆ రెండు గంటల నియమమే ఇప్పటికీ అన్ని వార్డుల్లో వినిపిస్తుంది. ఒత్తిడిని బాగా పంచే ఫోమ్ పరుపులు వాడుతున్న వృద్ధాశ్రమాల్లో 2013లో వెలువడిన ఒక అధ్యయనం రెండు, మూడు, నాలుగు గంటల వ్యవధుల మధ్య పుండ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. దీన్ని పట్టుకుని ఎవరినైనా నాలుగు గంటలకు ఒకసారి తిప్పితే చాలనుకోవడం పొరపాటు. ఆ పరుపు లేని చోట, ఐసీయూ రోగికి అది వర్తించదు. దాని నుంచి నేను గ్రహించిందేమంటే, గడియారం ఒక్కటే ప్రమాణం కాదు, రోగి చర్మమే ప్రమాణం. రెండు గంటల తర్వాత తిప్పి చూసినప్పుడు ఎరుపు కనిపించి, అది చాలాసేపు పోకపోతే, ఆ రోగికి రెండు గంటలు ఎక్కువ.

సరిగా తిప్పడానికి ఇద్దరు కావాలి. మంచం బ్రేకు వేసి, మంచాన్ని మన నడుము ఎత్తుకు తెచ్చి, పడకను సమంగా చేస్తాం. ఒంటి కింద అడ్డంగా పరిచిన చిన్న దుప్పటి (డ్రా షీటు) అంచులను రోగి శరీరం దాకా దగ్గరగా చుట్టి పట్టుకుని, ఇద్దరం ఒకేసారి ఎత్తి, తిప్పబోయే వైపుకు ఎదురు వైపుగా జరుపుతాం. ఎత్తకుండా ఈడిస్తే చర్మం దుప్పటికి ఒరుసుకుని పై పొర ఊడుతుంది. ఆ తర్వాత పైన ఉండబోయే మోకాలిని కొద్దిగా వంచి, భుజాన్నీ తుంటినీ కలిపి తిప్పి, వీపు వెనుక భుజం నుంచి పిరుదు దాకా దిండు ఆనిస్తాం. పూర్తిగా 90 డిగ్రీల పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీదే పడుతుంది, అందుకని 30 డిగ్రీల వాలు సరిపోతుంది. దిండు పెట్టాక, అరచేతిని నడుము కిందికి పోనిచ్చి త్రికాస్థి పరుపును తాకడం లేదని నిర్ధారించుకోవాలి. చేయి సులువుగా దూరకపోతే రోగి పక్కకు తిరిగినట్టు పైకి కనిపిస్తున్నా, ఒత్తిడి మాత్రం మునుపటి చోటే ఉన్నట్టు లెక్క. చివరగా కింది భుజాన్ని కొంచెం ముందుకు లాగి, కింది చెవి మడత పడలేదని చూసి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, తొడ కింద గొట్టాలూ సూది మూతలూ లేవని తడిమి చూస్తాం. దుప్పటి ముడతలు సర్దడంతో పని పూర్తవుతుంది. రక్తపోటు నిలవని రోగిని ఇలా పూర్తిగా తిప్పడం కుదరకపోతే, భుజం కింద, తుంటి కింద చిన్న మడత గుడ్డను పెట్టి తీస్తూ బరువు పడే చోటును కొద్దికొద్దిగా మార్చవచ్చు.

రాత్రివేళ ఇది ఇంకా కష్టం. "సిస్టర్, నాన్నగారికి ఇప్పుడే నిద్ర పట్టింది, దయచేసి కదపకండి" అని కూతురు బతిమాలుతుంది. ఆమె బాధలో న్యాయం ఉంది, నిద్ర కూడా వైద్యమే. "లేపనమ్మా, నడుము వెనుక దిండు మాత్రం తీసి ఇటువైపు పెడతాను, మీరు కాళ్లు పట్టుకోండి చాలు" అని చెప్పి, దీపం తగ్గించి, మెల్లగా చేస్తే చాలామంది మెలకువ రాకుండానే సర్దుకుంటారు. అర్థమయ్యేలా చెప్పిన తర్వాత, అదే కూతురు మరుసటి రాత్రి వేళ గుర్తుచేసి మరీ పిలుస్తుంది.

మడమల గురించి విడిగా చెప్పక తప్పదు. అక్కడ చర్మం కింద కండ లేదు, ఎముక గుండ్రంగా, చిన్నగా ఉంటుంది, కాలి బరువంతా ఆ చిన్న చోట పడుతుంది. ఎంత మంచి పరుపైనా మడమను పూర్తిగా కాపాడలేదు. పిక్క కింద పొడవునా దిండు పెట్టి, మోకాలిని స్వల్పంగా వంచి, మడమ గాలిలో తేలేలా చూడాలి. దిండును చీలమండ దగ్గర మాత్రమే పెడితే ఒత్తిడి అక్కడికి మారుతుంది, మోకాలు నిటారుగా బిగుసుకుంటే వెనుక రక్తనాళం నొక్కుకుపోతుంది. దిండు పెట్టాక మడమకూ పరుపుకూ మధ్య ఒక కాగితం అడ్డులేకుండా దూరాలి. నీళ్లు నింపిన గ్లవ్స్‌ను మడమల కింద పెట్టడం ఇప్పటికీ చూస్తుంటాను. వాటి వల్ల ప్రయోజనం లేదు, అవి పక్కకు జారిపోతాయి, ఒత్తిడిని చిన్న చోటికే చేరుస్తాయి. మధ్యలో ఖాళీ ఉండే గుండ్రటి రింగులు కూడా అంతే. రింగు అంచు చుట్టూ రక్తప్రసరణ ఆగి, మధ్యలో ఉన్న చర్మం ఇంకా వాచి దెబ్బతింటుంది. ఎర్రబడిన చోట నూనె వేసి గట్టిగా మర్దన చేయడం ఒకప్పుడు నర్సులకు నేర్పిన పనే, కానీ అప్పటికే నలిగిన సన్నని నాళాలు ఆ రాపిడికి తెగుతాయి కాబట్టి దాన్ని పూర్తిగా మానేయాలి.

గాలి పరుపు తెచ్చాం కనుక ఇక తిప్పనక్కరలేదు అన్న నమ్మకం చాలామందిలో ఉంది. గాలి గదులు వంతులవారీగా నిండుతూ ఖాళీ అవుతూ ఉండే పరుపు బరువు పడే చోటును మారుస్తుంది నిజమే, కానీ తిప్పడానికి అది తోడు మాత్రమే. మోటారు ప్లగ్గు ఊడి ఉందా, రోగి బరువుకు తగ్గట్టు గాలి ఒత్తిడి అమర్చారా అని ప్రతి షిఫ్టులో చూడాలి. ఆ పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద మందపాటి దుప్పటి, దాని మీద మడతపెట్టిన గుడ్డ, ఆపైన డైపరు వేస్తే పరుపు చేసే మేలంతా ఆ పొరల్లోనే పోతుంది. సాధ్యమైనంత తక్కువ పొరలు ఉండాలి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి త్రికాస్థి మీద, మడమల మీద ముందుగానే సిలికాన్ ఫోమ్ డ్రెస్సింగు అంటించడం ఉపయోగపడుతుంది, అయితే రోజూ దాని అంచు ఎత్తి కింద చర్మం చూసి మళ్లీ అంటించాలి.

మలమూత్రాలతో తడిసిన చర్మం నానిపోయి, చిన్న ఒరిపిడికే ఊడివస్తుంది. తడిసిన వెంటనే ఘాటైన సబ్బుతో కాకుండా మృదువైన ద్రవంతో తుడిచి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ వంటి రక్షణ పూతను పల్చగా పూయాలి. పౌడరు చల్లితే తడికి ముద్దకట్టి మడతల్లో ఇంకా గీరుకుంటుంది. తడి వల్ల వచ్చిన ఒరుపునూ, ఒత్తిడి వల్ల వచ్చిన పుండునూ వేరుచేసి గుర్తించడం కూడా నర్సు పనే. తడి వల్ల వచ్చింది పిరుదుల మడతల్లో, రెండు వైపులా, అంచులు స్పష్టంగా లేకుండా, పైపైనే విస్తరించి ఉంటుంది. ఒత్తిడి పుండు ఎముక మీద, అంచు తెలిసేలా, లోతుగా పోయే స్వభావంతో ఉంటుంది. ఒకదానికి చేసే వైద్యం ఇంకొకదానికి సరిపోదు.

ఆహారం విషయం క్లుప్తంగా చెబుతాను, నిపుణులు సూచించే లెక్క అందరికీ తెలియడం మంచిది. పుండు ఉన్న, లేదా పడే ప్రమాదం ఉన్న బలహీనమైన పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 30 నుంచి 35 కిలో కేలరీలు, 1.25 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలి. అంటే 50 కిలోల మనిషికి రోజుకు 1500 నుంచి 1750 కిలో కేలరీలు, 62 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ మోతాదును డాక్టరు, డైటీషియన్ నిర్ణయించాలి. ట్రేలో పెట్టిన ఆహారం ఎంత అన్నది కాక, రోగి నిజంగా తిన్నది ఎంతో రాసుకుంటేనే ఈ లెక్కకు అర్థం ఉంటుంది.

ఇన్ని చేసినా కొందరికి పుండు పడుతుంది, లేదా పుండుతోనే ఆస్పత్రికి వస్తారు. అప్పుడు దశ గుర్తించాలి. చర్మం చిట్లకుండా, నొక్కినా పోని ఎరుపు మొదటి దశ. పై పొర ఊడి గులాబీ రంగులో తడిగా కనిపించినా, నీటి బొబ్బ వచ్చినా రెండో దశ. చర్మం పూర్తి మందం పోయి కొవ్వు కనిపిస్తే మూడోది. కండరం, స్నాయువు లేదా ఎముక బయటపడితే నాలుగోది. అడుగంతా పసుపు పచ్చని కుళ్లు పొరతోనో నల్లటి పెచ్చుతోనో కప్పబడి లోతు తెలియకపోతే, అది తీసేవరకు దశ చెప్పలేము. నాలుగో దశ పుండు మానుతూ పైకి వస్తున్నప్పుడు మూడో దశ, రెండో దశ అని రాయకూడదు. పోయిన కండరమూ కొవ్వూ మళ్లీ అలాగే పెరగవు, వాటి స్థానంలో మచ్చ కణజాలమే నిండుతుంది. అందుకే అది మానుతున్న నాలుగో దశ పుండుగానే ఉంటుంది, పూర్తిగా మానిన తర్వాత కూడా ఆ చోటు బలహీనమే.

పుండును కొలవడంలో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. తల నుంచి కాళ్ల వైపుగా పొడవు, దానికి అడ్డంగా వెడల్పు, తడిపిన దూది పుల్లతో లోతు కొలుస్తాం. అంచుల కింద లోపలికి సొరంగంలా పోయిన చోట్లను గడియారం ప్రకారం రాస్తాం. తలవైపు 12 అనుకుంటే, "3 గంటల వైపు 2 సెంటీమీటర్లు లోపలికి" అని రాసినప్పుడు తర్వాతి షిఫ్టు నర్సుకు వెతుక్కోనవసరం ఉండదు.

డ్రెస్సింగు మార్చే ముందు నొప్పి మందు వేసి, అది పనిచేసేంత వరకు ఆగడం చాలాచోట్ల జరగదు. మాట్లాడలేని రోగికి నొప్పి లేదనుకోవడం అన్యాయం. పుండును సెలైనుతో కడిగితే చాలు. 35 మిల్లీలీటర్ల సిరంజికి 19 గేజ్ సూది అమర్చి చిమ్మితే, కొత్త కండ దెబ్బతినకుండానే వదులైన మురికి పోయేంత వేగం వస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడు క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న కణాలనూ చంపుతుంది. చనిపోయిన కణజాలం ఉన్నంతకాలం పుండు మానదు కనుక దాన్ని తొలగించాలి. ఎక్కువగా ఉంటే సర్జన్ కత్తిరించి తీస్తారు, కొద్దిగా ఉంటే తేమ నిలిపే జెల్ వంటి డ్రెస్సింగుతో శరీరమే మెల్లగా కరిగిస్తుంది. దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు మడమ మీద ఎండి, గట్టిగా అతుక్కుని, చుట్టూ ఎరుపూ చీమూ లేని నల్లటి పెచ్చు. దాన్ని కదిలించకూడదు, అదే లోపలికి క్రిములు పోకుండా కాపాడుతుంది. అది మెత్తబడినా, అంచున ద్రవం కారినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

పుండును ఎండబెడితే త్వరగా మానుతుందన్న నమ్మకం చాలా పాతది. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగాల్లో, ఎండిపోనిచ్చిన గాయాల కంటే తేమగా ఉంచినవాటి మీద కొత్త చర్మం సుమారు రెట్టింపు వేగంతో పరుచుకుంది. అయితే తేమ అంటే ముద్దగా నానడం కాదు. ద్రవం ఎక్కువగా కారే పుండుకు దాన్ని పీల్చే ఆల్జినేట్, ఫోమ్ వంటివి, పొడిగా ఉన్నదానికి జెల్ ఎంచుకోవాలి. లోతైన గుంతను పల్చని గాజ్ గుడ్డతో నింపేటప్పుడు వదులుగా నింపాలి, కుక్కి బిగిస్తే లోపలి నుంచే ఒత్తిడి మొదలవుతుంది. శుభ్రపడిన పెద్ద పుండ్లకు లోపలి ద్రవాన్ని మెల్లగా పీల్చే నెగెటివ్ ప్రెషర్ యంత్రం, ఆ తర్వాత కొందరికి కండతో కప్పే శస్త్రచికిత్స ఉపయోగపడతాయి. శస్త్రచికిత్స చేసిన చోట మళ్లీ బరువు వేస్తే ఆ కష్టమంతా వృథా అవుతుంది.

పుండు పైభాగం నుంచి దూదితో తీసిన నమూనాలో క్రిములు కనిపించినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరమని కాదు, తెరిచి ఉన్న ఏ పుండు మీదైనా క్రిములు ఉంటాయి. చుట్టూ ఎరుపు పాకడం, వేడి, కొత్తగా పెరిగిన నొప్పి, దుర్వాసన, జ్వరం, మతి తప్పడం కనిపిస్తే ఇన్ఫెక్షన్ వ్యాపిస్తోందని అనుమానించాలి. పుండు అడుగున ఎముక తగులుతుంటే ఎముకకూ సోకిందేమో పరీక్షించాలి. రెండు వారాలైనా మానే గుర్తులు లేకపోతే డ్రెస్సింగు పేరు మార్చడం కంటే ముందు, రోగి నిజంగా ఎటువైపు, ఎంతసేపు పడుకుంటున్నాడో మళ్లీ చూడాలి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

చార్టు గురించి ఒక మాట. రెండేసి గంటల గడులన్నీ షిఫ్టు చివర ఒకేసారి, ఒకే సిరాతో నింపిన చార్టులు నేను చూశాను. ఒక నర్సుకు అంతమంది రోగులను అప్పగించినప్పుడు తప్పు ఆ నర్సు ఒక్కరిదే అనలేము, కానీ ఆ చార్టు రోగికి ఏ మేలూ చేయదు, పైగా పని జరిగిందన్న భ్రమ కలిగిస్తుంది. మనుషులు తక్కువగా ఉన్నప్పుడు తిప్పడాన్ని ఆహారం, డైపరు మార్చడం, మందుల వేళలతో ముడిపెట్టి, అందరికంటే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగులతో మొదలుపెట్టడం ఒక దారి. షిఫ్టు మారి రోగులను అప్పగించే హ్యాండోవర్ సమయంలో ఇద్దరు నర్సులూ కలిసి ఆ రోగుల నడుము, మడమలు చూడటం ఇంకో దారి. చివరి దశలో ఉన్న రోగులకు మాత్రం లెక్క మారుతుంది. ఒళ్లు చల్లబడుతున్నవారికి ఎంత చేసినా చర్మం నిలవకపోవచ్చు. అప్పుడు పుండు మానడం కంటే నొప్పి లేకుండా, వాసన లేకుండా ఉంచడమే లక్ష్యం కావాలి. తిప్పితే బాధపడుతుంటే ఆ రోగికి సుఖంగా ఉన్న భంగిమనే గౌరవించాలి.

ఇంటికి వెళ్లే రోగి అయితే, డిశ్చార్జికి ముందే ఇంట్లో చూసుకోబోయే మనిషి చేత మన ఎదుట కనీసం ఒకసారి తిప్పించి, దిండ్లు పెట్టించి, నడుము కింద చేయి పోనిచ్చి చూడటం చేయించాలి. కుర్చీలో కూర్చోగలిగే రోగి చేతులకు బలం ఉంటే, పావుగంటకోసారి చేతుల మీద లేచిగానీ, పక్కకు, ముందుకు వంగిగానీ పిరుదుల మీది బరువు తీయాలి. బలం లేకపోతే ఒక్కసారికి గంట మించి కూర్చోబెట్టకూడదు. ఇంట్లో ఎక్కడైనా కొత్తగా ఎరుపో, నల్లదనమో, గట్టిదనమో కనిపిస్తే ఆ వైపు పడుకోబెట్టడం ఆపి, అరగంట తర్వాత మళ్లీ చూడమని చెబుతాను. అప్పటికీ అది తగ్గకపోతే, ఆ చోటు మామూలు స్థితికి వచ్చేవరకు దాని మీద బరువు వేయకూడదు, చర్మం చిట్లేదాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చేయాలి.